రెండు సంక్రాంతుల నడుమ వేసవి: పర్లాకిమిడి పెరటి పద్ధతి

మాది పర్లాకిమిడి. నేను పుట్టింది పక్కనే ఉన్న పాతపట్నంలో. రెండూ మహేంద్రతనయ ఒడ్డు ఊళ్లే అయినా, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఒకటి ఇటు, ఒకటి అటు అయ్యాయి. అలా నా పుట్టిల్లు ఆంధ్ర, మెట్టిల్లు ఒడిశా. కాపురానికి వచ్చి ముప్పై ఏడేళ్లయింది. వేసవిలో ఇల్లు నడిపే తీరు కొంత మా అత్తయ్య దగ్గర, కొంత పక్కింటి ఒడియా మావుసి దగ్గర నేర్చుకున్నాను. మావుసి అంటే పిన్నమ్మ. ఆవిడ నన్ను ఈనాటికీ ‘ఝియొ’ అనే పిలుస్తుంది, కూతురా అని.

మా ఇంట్లో వేసవిని నెలల పేర్లతో లెక్కపెట్టం. ఏప్రిల్ 14 ప్రాంతంలో వచ్చే మేష సంక్రమణంతో అది మొదలవుతుంది. జూన్ నడిమిలో వచ్చే మిథున సంక్రమణంతో ముగుస్తుంది. మొదటిది ఇక్కడ పొణా సంక్రాంతి, అంటే పానకాల పండుగ. రెండోది రొజొ సంక్రాంతి, ఉయ్యాలల పండుగ. ఈ రెంటి నడుమ రెండు నెలలు. తలుపులు బిగించుకుని ఎండను తిట్టుకుంటూ కూర్చుంటే ఆ రెండు నెలలూ ఎంతకీ తరగవు. ఎండను పనిలో పెట్టుకుంటే మాత్రం చాలవనిపిస్తాయి. ఖర్చులేని పొయ్యి ఒకటి నెత్తిమీద రోజుకు పది గంటలు మండుతుంటే దాన్ని వాడుకోకపోవడం నాకు మనసొప్పదు.

సెలవులకు మా అమ్మాయి పిల్లలు విశాఖపట్నం నుంచి గుణుపురం రైలెక్కి వస్తారు. మా ఆయన చిన్నప్పుడు నౌపడా నుంచి వచ్చిన చిన్న రైలు ఇప్పుడు లేదు. 2011లో పెద్ద పట్టాలు పడ్డాయి, ప్రయాణం సులువయింది. పెద్ద మనవడికి పదేళ్లు, మనవరాలికి ఏడు. వాళ్లకు చేతినిండా పని, నోటినిండా రుచి ఉండేలా రోజును ఎలా అమర్చుకుంటామో చెబుతాను. మీ ఇల్లు ఇంత పెద్దది కాకపోయినా, పెరడు లేకపోయినా, ఇందులో సగం పనులు మేడ మీదే చేసుకోవచ్చు.

గంటల లెక్క

మొదట గడియారాన్ని మార్చుకోండి. తక్కినవన్నీ దీని మీదే నిలబడతాయి. నేను నాలుగున్నరకు లేస్తాను. ఎనిమిదిన్నరకల్లా బయటి పని ఏదైనా సరే అయిపోవాలి: కళ్ళాపి, మొక్కలకు నీళ్లు, సంత, పిండి రుబ్బడం, వడియాలు పెట్టడం. పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరూ గడప దాటకూడదు. ఐదు తర్వాత మళ్లీ బయటికి. పిల్లలకు మొదటి రెండు రోజులూ తెల్లవారుజామున లేవడం కష్టంగా ఉంటుంది. మూడో రోజు నుంచి వాళ్లే నన్ను లేపుతారు. ఆ వేళ మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే చల్లగాలిలో నందివర్ధనం పూలు కోయడానికి ఇద్దరూ పోటీ పడతారు.

మధ్యాహ్నం పూట కిటికీల సంగతి చాలామంది తిరగేసి చేస్తారు. పొద్దున్నే తలుపులూ కిటికీలూ బార్లా తీసి, రాత్రి చల్లదనాన్ని ఇంట్లోకి రానివ్వాలి. తొమ్మిదికి ఎండ పడే వైపువన్నీ మూసెయ్యాలి. గాలి వచ్చే కిటికీ ఒక్కటి తెరిచి, దానికి వట్టివేళ్ల తట్టి కట్టి నీళ్లు చల్లుతాం. తట్టి దొరకకపోతే రెండు గోనెసంచులు విప్పి కుట్టినా చాలు. అయితే ఎదురు వైపు మరో కిటికీ కొద్దిగానైనా తెరిచి ఉంచండి. గాలి బయటికి పోయే దారి లేకపోతే తడి అంతా గదిలోనే నిలిచి ఉక్క పెరుగుతుంది. గాలిలో ముందే తేమ ఎక్కువగా ఉన్న రోజున ఈ ఉపాయం పనిచేయదు. ఆ రోజు తట్టిని తడపకండి.

కొత్త కుండను లొంగదీసుకోవడం

కుండను పొణా సంక్రాంతికి వారం ముందే కొనాలి. కొనేటప్పుడు వేళ్ల కణుపులతో కొట్టి చూడండి. ఖంగుమంటే మంచిది, డొల్లగా పలికితే ఎక్కడో పగులుంది. ఇంటికి తెచ్చాక ఒక పగలూ రాత్రీ నీళ్లలో ముంచి ఉంచండి. తర్వాత రెండు రోజులు నీళ్లు నింపి, ఆ నీళ్లను మొక్కలకు పోయండి. మట్టివాసన తగ్గుతుంది, పూర్తిగా పోదు, పోకూడదు కూడా. సబ్బు అసలు తగలనివ్వకండి. కుండ చల్లబరచేది దాని ఒంటిమీద ఉన్న సన్నని రంధ్రాల గుండా చెమర్చే నీటితో. ఆ రంధ్రాలు మూసుకుపోతే అది ఉత్త పాత్ర అవుతుంది. కొబ్బరిపీచుతో, మంచినీళ్లతో కడిగితే చాలు.

తడి ఇసుక పళ్లెంలో, నీడలో, గాలి ఆడే చోట పెట్టండి. చాలా ఇళ్లలో కుండను వంటింటి మూల పొయ్యికి దగ్గరగా పెట్టి, చల్లబడటం లేదని అంటారు. మా కుండ వరండాలో రెండు తలుపులకు ఎదురుగా ఉంటుంది. గుడ్డలో మూటకట్టిన గుప్పెడు వట్టివేళ్లు అందులో వేస్తాను. వాటిని నాలుగు రోజులకోసారి తీసి ఎండబెట్టి మళ్లీ వేయాలి. మూత మీద ఒక గ్లాసు బోర్లించి, తీసుకునేందుకు పొడుగు గరిటె విడిగా ఉంచండి. పిల్లలు చెయ్యి ముంచకుండా ఈ ఒక్క జాగ్రత్త చాలు.

తరవాణి, తొరాణి

రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి పొద్దున తినడం రెండు వైపులా ఉంది. మనం చద్దన్నం అంటాం, వీళ్లు పొఖాళొ అంటారు. పులిసిన ఆ నీళ్లను మా పుట్టింట్లో తరవాణి అనేవారు, మావుసి తొరాణి అంటుంది. కాపురానికి వచ్చిన మొదటి వేసవిలో ఆవిడ చెంబు చేతికిచ్చి ‘తొరాణి’ అనగానే, భాష రాని ఆ ఇంట్లో నాకు ఒక మాట తెలిసినదే దొరికిందని కళ్ల నీళ్లు తిరిగాయి. ఈ ఊళ్లో ఒక వస్తువుకు రెండు మూడు భాషల పేర్లు వినబడటం మామూలే. సంతకు కొండల మీది సవరలు అడ్డాకులు, పనసకాయలు, చింతపండు తెస్తారు. వాటికి వాళ్ల పేర్లు వేరు. ఇక్కడ బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు ఆ సవర భాషను నేర్చుకుని దానికి నిఘంటువు రాశారు.

ఉప్పుడు బియ్యం అన్నమైతే మెతుకు చెదరకుండా ఉంటుంది. రాత్రి అన్నం పూర్తిగా చల్లారాకే నీళ్లు పోయాలి. వేడి మీద పోస్తే మెతుకు ముద్దయి జిగురు వస్తుంది. మట్టిపాత్రో, రాతిపాత్రో, లేకపోతే స్టీలుదో వాడండి. ఇత్తడి, రాగి పాత్రలు వద్దు, పులుపుకు చిలుము ఎక్కుతాయి. అన్నం మీద నాలుగు వేళ్ల మేర నీళ్లు నిలవాలి. గుడ్డ కట్టి వదిలేయండి. ఉప్పు రాత్రి వేయకండి, పొద్దున తినబోయే ముందు వేసుకోవాలి. ఎనిమిది నుంచి పది గంటలకు లేత పులుపు వస్తుంది. అంతకుమించి పగలంతా బయట ఉంచితే పారబోయడమే. వాసన కాస్త తేడాగా ఉన్నా పిల్లలకు పెట్టకండి.

నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కొత్త ఆవకాయ ఉండనే ఉంటాయి. కానీ మావుసి చేసే బొడి చూరా ముందు అవన్నీ తేలిపోతాయి. శీతాకాలంలో పెట్టి ఎండించిన మినప వడియాలను దోరగా వేయించి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ చేర్చి రాతి మీద కచ్చాపచ్చాగా నలిపి, పైన చెంచా ఆవనూనె వేయాలి. మెత్తగా పొడి చేయకూడదు, పళ్ల కింద కరకరలాడాలి. ఆవనూనె ఘాటు అలవాటు లేనివారు నువ్వులనూనె వేసుకోండి. నాకైతే ఆవనూనె లేని చూరా రుచించదు.

మారేడు పానకం

శ్రీరామనవమికి మిరియాలు, యాలకులు, బెల్లంతో మన పానకం ఎలాగూ చేస్తాం. సంక్రాంతికి చేసేది మారేడు పండుతో. కొత్తవాళ్లు దీన్ని వెలగపండు అనుకుంటారు. కాదు, శివుడికి ఆకులు వేస్తామే, ఆ మారేడుది. పసుపు రంగు తిరిగి, తొడిమ దగ్గర తియ్యని వాసన వచ్చేదాన్ని ఎంచుకోండి. గట్టి నేల మీద కొడితే పెంకు పగులుతుంది. ఈ పని మా మనవడిది, ఏటా దాని కోసమే కాచుకుని ఉంటాడు.

మధ్యరకం పండు ఒక్కటి లీటరు నీళ్లకు సరిపోతుంది. గుజ్జు తీసి అరగంట నానబెట్టి, చేత్తో మెల్లగా పిసకండి. మిక్సీలో వేయకండి. గింజల చుట్టూ ఉన్న జిగురు, గింజల చేదు కలిసి పానకమంతా పాడవుతుంది. పెద్ద కన్నాల జల్లెడలో వడకట్టి, నూటయాభై గ్రాముల బెల్లం తురుము, అర చెంచా మిరియాల పొడి, రెండు యాలకులు వేసి కలపండి. ఇక్కడి వాళ్లు అందులో అప్పుడే విరగ్గొట్టిన పాల ఛెనా, కొబ్బరి తురుము, అరటిపండు ముక్కలు కూడా వేస్తారు. అప్పుడది తాగేది కాదు, చెంచాతో తినేది అవుతుంది. చేసిన రోజే ముగించేయాలి.

అదే రోజు తులసికోట మీద ఒక చిన్న కుండ కడతారు. అడుగున సన్నని కన్నం పెట్టి, అందులో దర్భో గుడ్డపీలికో దూర్చితే, నీరు చుక్క చుక్కగా నెలంతా తులసి మీద పడుతుంది. దీన్ని బసుంధరా ఠెకి అంటారు. మా అత్తయ్య దీన్ని మా ఇంటికి తెచ్చుకుంది. శివాలయంలో ధారాపాత్ర చూసి పెరిగిన మనకు కొత్తేమీ కాదు. వరసగా రెండు రోజులు ఊరు వెళ్లాల్సి వచ్చినప్పుడు గులాబీ, మల్లె కుండీల మీద కూడా ఇలాగే కడతాను. ఏ మొక్కా ఎండిపోలేదు.

వడియాల మంచం

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. బూడిద గుమ్మడికాయ వడియాలు.

కాయ బాగా ముదిరి, పైన బూడిద దట్టంగా ఉండాలి. గింజలూ వాటి చుట్టూ ఉన్న దూదిలాంటి భాగమూ తీసేసి, చెక్కుతోనే చిన్న చిన్న ముక్కలు కోయాలి. సెనగగింజంత ఉంటే చాలు. రెండు కిలోల ముక్కలకు అరకిలో మినప్పప్పు నా కొలత. సాయంత్రం ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి, పల్చని గుడ్డలో గట్టిగా మూటకట్టి, చిల్లుల పళ్లెంలో పెట్టి, పైన సన్నికల్లు బరువు పెట్టండి. రాత్రంతా నీరు కారుతుంది. అదే రాత్రి పప్పు నానబెట్టండి.

తెల్లవారి ఐదుకు పప్పు రుబ్బాలి. నీళ్లు పోయకూడదు. మరీ తిరగకపోతే గుమ్మడి మూట నుంచి కారిన నీటిని చిలకరించండి. అందులో ఉప్పుంది కనుక మళ్లీ ఉప్పు వేసేముందు రుచి చూడాలి. వంద గ్రాముల పచ్చిమిరపకాయలు, రెండు చెంచాల జీలకర్ర, చిటికెడు ఇంగువ నూరి కలపండి. పిండి సరిగ్గా ఉందా లేదా తెలుసుకోవడానికి చిన్న ఉండను నీళ్లలో వేసి చూస్తాను. తేలితే పప్పు బాగా గుల్లబడినట్టు. మునిగితే చేత్తో మరో ఐదు నిమిషాలు గిలక్కొట్టాలి. ఆ తర్వాతే ముక్కలు కలపాలి. ముందే కలిపితే ఈ పరీక్ష కుదరదు.

పాత నూలు పంచెను తడిపి పిండి నులక మంచం మీద పరుస్తాం. నేల మీద, మేడ గచ్చు మీద పరిచేవారూ ఉన్నారు. మంచమైతే కిందనుంచి కూడా గాలి తగులుతుంది, చీమలు పట్టవు, వాన వస్తే ఇద్దరు పట్టుకుని లోపలికి ఎత్తుకుపోవచ్చు. మంచం కోళ్ల కింద నీళ్లు పోసిన కొబ్బరిచిప్పలు పెడితే చీమల బెడద బొత్తిగా ఉండదు.

పిల్లలు నా పక్కన వరసగా కూర్చుంటారు. చెయ్యి తడిచేసుకుని, నిమ్మకాయలో సగమంత పిండి తీసుకుని, బొటనవేలితో జార్చాలి. మనవరాలి వడియాలు గోలీలంత ఉంటాయి. వాటిని వేరే వరసలో పెట్టిస్తాను, ఎండాక వాటిని విడిగా డబ్బాలో పోసి వాళ్ల ఊరికి పంపుతాను. ఎనిమిది గంటలకు మంచం నిండుతుంది. పెరట్లో ఆ తెల్లని వరసలు చూసి మా ఆయన కాఫీ గ్లాసుతో అక్కడే నిలబడిపోతాడు.

మొదటి రోజు కదపకండి. రెండో రోజు సాయంత్రం గుడ్డను తిరగేసి, వెనుకవైపు నీళ్లు చిలకరించి రెండు నిమిషాలు ఆగితే వడియాలు విరక్కుండా ఊడివస్తాయి. తర్వాత చాటల్లో వేసి రెండో వైపు ఎండబెట్టాలి. మంచి ఎండైతే మొత్తం నాలుగు రోజులు. ఒకదాన్ని విరిచి చూడండి. ఠప్పున విరిగి, లోపల తెల్లగా పొడిగా ఉంటే ఎత్తిపెట్టుకోవచ్చు. వంగినట్టు అనిపిస్తే ఇంకో రోజు ఎండాలి, లేకపోతే డబ్బాలో బూజు పడుతుంది.

కాకులకు నల్లగుడ్డ కట్టిన కర్ర, కోతులకు మనిషి కాపలా. ఇంకో మందు లేదు. సాయంత్రపు గాలివాన సంగతి మాత్రం జాగ్రత్త. వైశాఖంలో పడమటి దిక్కున నల్లమబ్బు లేచిందంటే పావుగంటలో దుమ్ము, తర్వాత వాన. నాలుగేళ్ల క్రితం నేను కునుకు తీస్తుండగా అలాగే వచ్చింది. రెండో రోజు వడియాలు మొత్తం నానిపోయాయి. మావుసి గోడ మీదుగా చూసి, ‘పారేయకు ఝియొ’ అంది. పొయ్యి ముట్టించి, ఆ నానిన వాటిని అప్పటికప్పుడు వంకాయతో కలిపి కూర వండింది. ఆ రోజు రెండిళ్ల వాళ్లమూ ఒకే చాప మీద తిన్నాం. అప్పటి నుంచి మధ్యాహ్నం మూడున్నరకు లేచి ఆకాశం చూసే బాధ్యత మనవడికి అప్పగించాను.

ఊరమిరపకాయలకు కొంచెం లావు, కారం తక్కువ కాయలు తీసుకోండి. తొడిమ ఉంచి పక్కన గాటు పెట్టి, అరకిలో కాయలకు లీటరు పుల్లని చిక్కటి మజ్జిగ, రుచికి కొంచెం ఎక్కువే ఉప్పు వేసి మూడు రోజులు ఊరనివ్వాలి. నాలుగో రోజు నుంచి పగలు ఎండలో, రాత్రి మళ్లీ అదే మజ్జిగలో. మజ్జిగ పూర్తిగా పీల్చుకునేదాకా ఇలాగే. చివరికి గలగలమని చప్పుడయ్యేలా ఎండాలి. దీనికి తొందర పనికిరాదు. నేను ఏడు రోజులు పెట్టుకుంటాను.

ఆవకాయ గురించి రాయను. ప్రతి ఇంటికీ ఒక కొలత ఉంది, ఎవరి అమ్మ చేతిది వారికి సరైనది. దాని బదులు అంబుల చెబుతాను. తెలుగిళ్లలో మామిడి ఒరుగులు అంటామే, దాదాపు అవే. పుల్లగా, టెంక పట్టిన కాయల చెక్కు తీసి, నిలువునా పెద్ద బద్దలు కోసి, కిలోకు వంద గ్రాముల ఉప్పూ కాస్త పసుపూ పట్టించి ఒక రోజు ఊరనిచ్చి, ఎండలో వేయాలి. తోలులా వంగేదాకా ఎండితే చాలు, కర్రలా కానివ్వకండి. ఇవి వానాకాలంలో చేపల పులుసులో, ఆవపెట్టిన కూరలో, పప్పులో చింతపండుకు బదులు వేసుకోవచ్చు. జాడీలో పెట్టేముందు జాడీని కూడా ఒక పూట ఎండలో ఉంచండి. తడి అన్నది ఎక్కడా మిగలకూడదు.

గడప లోపలి గంటలు

పదకొండు దాటాక ఇంట్లో ముంజలు. తాటిముంజలు పొద్దున్నే కొనాలి, మధ్యాహ్నానికి ముదురుతాయి. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగి, నీరు ఊగుతున్నట్టు ఉండాలి. గట్టిగా తగిలితే రబ్బరు నమిలినట్టే. లోపలి గోధుమరంగు పొర ఒలుస్తుంటే వగరు వదులుతుంది. ఆ ఒలిచిన పొరను మనవరాలి వీపు మీది చెమటకాయలకు రుద్దుతాను. మా అత్తయ్య నా పిల్లలకు చేసింది, నేను వీళ్లకు చేస్తున్నాను.

తర్వాత ఆటలు. వామనగుంటల పీట మా ఆడపడుచుది. పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదేసి చింతపిక్కలు. అష్టాచమ్మాకు బల్ల అక్కర్లేదు, ఎర్రగచ్చు మీద సుద్దముక్కతో ఐదు నిలువు, ఐదు అడ్డం గళ్లు గీసి, నడిమి గళ్లలో కొట్టుగుర్తు పెడితే చాలు. గవ్వలు నాలుగు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. పిక్కలు పెద్దవాళ్లు లెక్కపెట్టకూడదు, పిల్లలకే వదలండి. ఏడేళ్ల పిల్ల పదిరోజుల్లో గుంటల్లో పిక్కలు చూడగానే ఎక్కడ ఆగుతుందో చెప్పేస్తోంది. బడిలో ఇంత చురుగ్గా లెక్క చేసిందో లేదో నాకు అనుమానమే.

రెండింటికి అందరూ చాప మీద పడుకోవాలి. నిద్ర రాకపోయినా సరే, కళ్లు మూసుకోవాలి. పొద్దున నాలుగున్నరకు లేచిన శరీరానికి ఇది అవసరం.

ఒక్క ముఖ్యమైన మాట. ఎండలో తిరిగి వచ్చినవారికి చెమట పట్టడం ఆగిపోయి, ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే అది మజ్జిగతో తగ్గేది కాదు. తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మేడ మీద రాత్రి

గచ్చు పగలంతా తాగిన వేడిని రాత్రి వదులుతుంది. అందుకని నీళ్లు రెండు విడతలుగా పోయాలి. ఎండ తగ్గాక ఐదున్నరకు ఒకసారి, ఆ నీళ్లు కళ్లముందే ఆవిరవుతాయి. ఏడింటికి రెండోసారి, అప్పుడు నిలుస్తాయి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లన్నీ పగలు బకెట్లో పోగుచేసి పెట్టుకుంటే మంచినీళ్లు ఖర్చు చేయనక్కర్లేదు. పిల్లలు ఈ పనికి పోటీపడతారు, కాళ్ల కింద గచ్చు చల్లబడటం వాళ్లకు తెలుస్తుంది.

వడియాలు పెట్టిన నులక మంచమే పైకి చేరుతుంది. వదులైతే కాళ్ల వైపున్న బిగింపు తాడును ఒక చివర నుంచి వరసగా లాగుతూ రావాలి. మధ్యలో మొదలుపెడితే ఒకవైపు ఎత్తు, ఒకవైపు గొయ్యి అవుతుంది. మా ఆయన ఒక కాలు పట్టె మీద ఆనించి లాగుతుంటే, మనవడు లాగిన తాడు జారకుండా పట్టుకుంటాడు. ఈ ఏడాది వాడే లాగాడు, తాత పట్టుకున్నాడు.

తొమ్మిదికి పక్కలు పరిచేయండి. దుప్పటి తడపకండి, తెల్లవారుజామున మంచు పడితే ఒళ్లు నొప్పులొస్తాయి. సాయంత్రం కోసిన మల్లెలు తడిగుడ్డలో చుట్టి తలవైపు పెడతాను. ఆ వాసనలో మా అమ్మాయి ఫోనులో వాళ్ల కాలనీ విశేషాలు చెబుతుంటే, నేను ఇక్కడి చుక్కలు లెక్కపెట్టిస్తుంటాను.

ఉయ్యాల కట్టడం

జూన్ నడిమికి మబ్బులు తిరగడం మొదలవుతుంది. అప్పుడు రొజొ. భూదేవి ఆ మూడు రోజులూ విశ్రాంతి తీసుకుంటుందని ఇక్కడి నమ్మకం. నాగలి కట్టరు, మట్టి తవ్వరు, ఆడవాళ్లు రుబ్బరు, నూరరు. ఆడపిల్లలు కొత్తబట్టలు కట్టి, కాళ్లకు పారాణి పెట్టుకుని, ఉయ్యాలలు ఊగుతారు. మన అట్లతద్ది ఆశ్వయుజంలో కదా, మా మనవరాలికి ఇక్కడ ఏడాదికి రెండు ఉయ్యాల పండుగలు.

ఉయ్యాలకు మామిడి కొమ్మ మంచిది. మునగ, బొప్పాయి దగ్గరికి పోకండి. మనిషి తొడంత లావు పచ్చికొమ్మ, చెట్టు మొదలుకు దగ్గరగా ఉన్న చోటు చూసుకోవాలి. తాడు పడే చోట గోనెపట్టా నాలుగు మడతలు చుట్టండి. బెరడు ఒరుసుకుపోదు, తాడూ అరగదు. నిరుటి తాడు ఉంటే ఒక రోజు ముందు పెరట్లో పొడుగ్గా పరిచి, పురి విప్పి జానెడు జానెడుగా లోపల చూడాలి. లోపల పొడి రాలితే దాన్ని పశువులకు కూడా కట్టకండి. పీటకు రెండు చివరలా గాడి ఉండాలి, తాడు పక్కకు జారకుండా. కట్టాక మొదట ఇంట్లో బరువైన మనిషి ఊగి చూడాలి. మా ఇంట్లో ఆ మర్యాద మా ఆయనది.

నిప్పుల మీద కాల్చే రొట్టె పోడొపిఠా మాత్రం పండుగ ముందు రోజు రాత్రే చేసుకోవాలి, ఎందుకంటే మర్నాటి నుంచి రుబ్బకూడదు. రెండు పాళ్లు బియ్యం, ఒక పాలు మినప్పప్పు విడివిడిగా నానబెట్టి, చిక్కగా రుబ్బి, ఏడెనిమిది గంటలు పులియనివ్వండి. అందులో తగినంత బెల్లం, తురిమిన కొబ్బరి, సన్నగా తరిగిన కొబ్బరిముక్కలు, అల్లం, యాలకులు, మిరియాలు, జీడిపప్పు కలపాలి. అడుగు మందమైన గిన్నెలో అరటాకు పరిచి, నెయ్యి రాసి, పిండి పోసి, పైన మరో అరటాకు, మూత, మూత మీద నిప్పులు. కింద సన్నని నిప్పు. గంటన్నర, రెండు గంటలు పడుతుంది. అరటాకు మాడుతున్న వాసన వచ్చాక ఇంకా పావుగంట ఆగి, వెదురుపుల్ల గుచ్చి చూడండి. పుల్ల పొడిగా వస్తే అయినట్టు. చల్లారాకే కోయాలి, వేడిగా కోస్తే జిగురుగా ఉంటుంది. రెండో రోజుకు రుచి ఇంకా పెరుగుతుంది.

నాలుగో రోజున మావుసి మా ఇంటికి వస్తుంది. ఇద్దరం కలిసి రాతికి తలంటుతాం. దాన్ని వసుమతి స్నానం అంటారు. మూడు రోజులు ముట్టని ఆ సన్నికల్లునే భూదేవిగా భావించి, పసుపుముద్ద రాసి, నీళ్లతో కడిగి, మావుసి సిందూరం, నేను కుంకుమ పెడతాం. మనవరాలు మల్లెలు పెడుతుంది. గుమ్మడి మూట మీద రెండు నెలలు బరువుగా కూర్చున్న రాయి అదే. అప్పటికి కుండకు చుట్టూ నాచు పట్టి ఉంటుంది, వట్టివేళ్ల తట్టి దించే వేళవుతుంది. మధ్యాహ్నం దాకా ఎండ కాస్తే అంబుల జాడీలకు ఆఖరిసారిగా ఎండ చూపించి, వాసెనగుడ్డ కట్టి అటక ఎక్కించండి. కాయకపోతే అలాగే ఎక్కించండి, మళ్లీ వానలో ఎదురుచూస్తూ ఉంచకండి. మొదటి జాడీ శ్రావణంలో విప్పుతాం.